ఉమ్మడి కీ, ఒంటరి నింద

సర్వర్లు నడిపే ఏ జట్టునైనా కదిపి చూడండి, ఒకటే మాట వస్తుంది. "మాకు వీపీఎన్ ఉంది. పాస్‌వర్డ్‌లు తీసేసి ఎస్‌ఎస్‌హెచ్ కీలు పెట్టాం. మధ్యలో జంప్ సర్వర్ కూడా ఉంది. ఇంక ఈ యాక్సెస్ ప్రాక్సీ దేనికండీ, అదనపు తలనొప్పి కాకపోతే?" మాదాపూర్‌లో ఇదే మాట, విశాఖ రుషికొండలో ఇదే మాట, డాలస్‌లో క్లయింట్ ఆఫీసులో కూర్చున్న మనవాళ్లదీ ఇదే మాట. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు కాబట్టి కొత్తగా చేరిన పిల్లలు మారు మాట్లాడకుండా నమ్మేస్తారు. ఆ మాట తప్పు. సాంకేతికంగా తప్పు, ఆ సర్వర్ల మీద రాత్రింబవళ్లు పనిచేసే మనుషుల పట్ల అన్యాయం కూడా. ఈ రెండోదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గనక నేను దాన్నే గట్టిగా మాట్లాడదలచుకున్నాను.

ముందు ప్రాక్సీ అంటే నేనేమంటున్నానో చెప్పాలి, అమ్మేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెబుతున్నారు కాబట్టి. సర్వర్‌లోకి వెళ్లాల్సిన మనిషి నేరుగా సర్వర్ దగ్గరికి పోడు. మొదట ప్రాక్సీ దగ్గర ఆగుతాడు. ఆఫీసు మెయిల్‌లోకి ఏ గుర్తింపుతో వెళ్తాడో ఇక్కడా అదే గుర్తింపు చూపిస్తాడు, దానికి తోడు వేలితో తాకే సెక్యూరిటీ కీ ఒకటి వాడతాడు. ఇతని బాధ్యత ఏమిటి, ఈ సర్వర్‌తో ఇతనికి పనుందా, ఆ పనికి ఇప్పుడు అనుమతి ఉందా అన్నది ప్రాక్సీ చూస్తుంది. ఉంటే, కొన్ని గంటల్లో దానంతటదే చెల్లకుండా పోయే సర్టిఫికెట్ ఇచ్చి, తనే సర్వర్‌కి కలుపుతుంది. లోపల జరిగిందంతా అతని పేరు మీద రికార్డు చేస్తుంది. సర్వర్ వైపు నియమం ఒకటే: ప్రాక్సీ దారిలో రానివాళ్లకు 22వ పోర్టు తెరుచుకోదు. 2016లో ఓపెన్ సోర్స్‌గా వచ్చిన టెలిపోర్ట్ లాంటివి చేసే పని ఇదే. డబ్బు పెట్టలేని చోట ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌తోనే ఇందులో చాలా భాగం సొంతంగా కట్టుకోవచ్చు.

కీ ఉంటే చాలన్న నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. 1995లో హెల్సింకీ టెక్నాలజీ విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగచాటుగా పట్టుకుంటున్నట్టు బయటపడింది. అప్పట్లో టెల్నెట్‌లో కొట్టిన పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగా తీగ మీద ప్రయాణించేది. అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. తీగ మీద వినేవాడి బెడద ఆ దెబ్బతో తీరిపోయింది. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తెచ్చారు, ఇవాళ దాదాపు లినక్స్ సర్వర్లన్నీ దాన్నే వాడుతున్నాయి. ఇంత బాగా పనిచేసిన సాధనం మీద నమ్మకం కుదరడం సహజమే. కానీ అది తీర్చిన సమస్య తీగది. ఇప్పటి సమస్య మనుషులది. కీ ఎవరి దగ్గరుంది, ఎన్ని ప్రతులున్నాయి, పని మానేసి వెళ్లినవాడి ల్యాప్‌టాప్‌లో ఇంకా ఉందా? ఈ ప్రశ్నలకు ఎస్‌ఎస్‌హెచ్ కీ సమాధానం చెప్పదు, చెప్పడానికి దాన్ని తయారు చెయ్యలేదు.

ఆథరైజ్డ్ కీస్ అనే ఫైలు ఒకసారి తెరిచి చూస్తే విషయం బోధపడుతుంది. లైనుకో పబ్లిక్ కీ. లైను చివర ఒక చిన్న వ్యాఖ్య, అందులో ఎవరి పేరైనా రాసుకోవచ్చు, అసలు రాయకపోవచ్చు. దాన్ని సర్వర్ పట్టించుకోదు. గడువు తేదీ పెట్టే వీలు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉంది గానీ పెట్టకపోతే ఆ లైను చిరకాలం చెల్లుతుంది. ఆ కీకి జత అయిన ప్రైవేట్ కీ ఏ చేతిలో ఉంటే ఆ చేతికి ప్రవేశం. 2015 అక్టోబరులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఎస్‌ఎస్‌హెచ్ యాక్సెస్ నిర్వహణ మీద ఒక నివేదిక వేసింది. ఏ కీ ఎక్కడుందో లెక్క పెట్టుకోకపోవడం, పాతవి తీసెయ్యకపోవడం ఎంత ప్రమాదమో అందులో వివరంగా ఉంది. దాని రచయితల్లో ఒకరు టాటు యులోనెన్. ఎస్‌ఎస్‌హెచ్‌ని పుట్టించిన మనిషే కీల లెక్క తేల్చుకోమని చెబుతుంటే, కీలున్నాయి కాబట్టి నిశ్చింత అని మనం ఎలా అనుకుంటున్నాం?

లెక్కలేని కీల వల్ల ఎంత అవస్థో 2008లోనే ఒకసారి తెలిసొచ్చింది. డెబియన్ లినక్స్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి చేసిన ఒక మార్పు వల్ల, దాదాపు రెండేళ్లపాటు ఆ యంత్రాల మీద పుట్టిన కీలలో ఒక్కో రకానికి 32,768 అవకాశాలే ఉన్నాయని ఆ ఏడాది మేలో బయటపడింది. ఒక మామూలు కంప్యూటర్ వాటన్నిటినీ ప్రయత్నించి చూడగలదు. సరిచేసిన ప్యాకేజీ వెంటనే వచ్చింది. మరి ఆ బలహీనమైన కీలు ఏ ఏ సర్వర్ల ఫైళ్లలో కూర్చున్నాయో ఎవరు చెప్పాలి? లెక్క ఉన్నవాళ్లు మార్చుకున్నారు. లేనివాళ్లు సర్వర్ సర్వర్‌కీ తిరిగి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇక మన దగ్గర జరిగే పద్ధతి మరీ అన్యాయం. అమెజాన్ క్లౌడ్‌లో కొత్త యంత్రం తెరిచేటప్పుడు కీ పుట్టిస్తే, ఆ ప్రైవేట్ కీ ఉన్న పెమ్ ఫైలు ఒక్కసారే డౌన్‌లోడ్ అవుతుంది. అది పోతే మళ్లీ ఇవ్వరు. అందుకని దాన్ని భద్రంగా దాచుకోవాలంటూ ఒకరు షేర్డ్ ఫోల్డర్‌లో పెడతారు, ఒకరు టీమ్ చాట్‌లో వేస్తారు, అర్జంటు రాత్రి ఇంకొకరు వాట్సాప్‌లో పంపిస్తారు. ఆ ప్రాజెక్టులోకి వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే ఫైలు. లాగిన్ పేరు కూడా అందరికీ ఒకటే, ఉబుంటు అనో ఈసీ2-యూజర్ అనో. ఇప్పుడు ఆ సర్వర్ లాగ్ తెరవండి. పబ్లిక్ కీ అంగీకరించబడింది, యూజర్ ఉబుంటు, వచ్చిన చిరునామా జంప్ సర్వర్‌ది, ఆ పక్కన కీ తాలూకు వేలిముద్ర లాంటి పొడుగాటి అక్షరాల వరస. పది మంది వచ్చి వెళ్తే పది లైన్లలోనూ అదే యూజర్, అదే చిరునామా, అదే వరస. సమయం లాంటివి తప్ప, మనిషిని గుర్తుపట్టించేది ఏదీ మారదు. ఎవరు వచ్చారన్న ప్రశ్నకి లాగ్ దగ్గర జవాబు లేదు.

దీని ఫలితం నేను ఒక కంపెనీలో దగ్గరగా చూశాను. రాత్రి షిఫ్టులో ప్రొడక్షన్ డేటాబేస్‌లో ఒక టేబుల్ ఖాళీ అయిపోయింది. బ్యాకప్ ఉంది కాబట్టి తెల్లారేసరికి డేటా తిరిగొచ్చింది. కానీ క్లయింట్ ఊరుకుంటాడా, ఎవరు చేశారని అడిగాడు. లాగ్ తీస్తే ఉబుంటు. ఆ గంటలో జంప్ సర్వర్ మీద మూడు నాలుగు లాగిన్‌లు, అన్నీ ఉమ్మడి పేరుతోనే. కొట్టిన కమాండ్ల చరిత్ర చూద్దామంటే, అందరూ ఒకే యూజర్ కావడంతో ఆ ఫైలు కలగాపులగంగా ఉంది, ఏ కమాండ్ పక్కనా సమయం లేదు. చివరికి రోస్టర్ తెరిచారు. ఆ రాత్రి డ్యూటీలో ఒక కాంట్రాక్టు కుర్రాడి పేరుంది. తాను డిస్కు నిండిపోయిందన్న టికెట్ చూసి పాత లాగ్‌లు తీసేశానని, డేటాబేస్ జోలికే పోలేదని అతను మొత్తుకున్నాడు. అతను అబద్ధం చెబుతున్నాడని రుజువు చెయ్యగలవాళ్లు లేరు. నిజం చెబుతున్నానని రుజువు చేసుకునే దారి అతనికీ లేదు. వారం తిరక్కుండా బ్యాడ్జి తీసేసుకున్నారు. అతను చేశాడో లేదో నాకు తెలియదు. ఆ కంపెనీకీ తెలియదు. తెలియకుండానే ఒకడి జీవనాధారం తీసేశారన్నదే నా ఫిర్యాదు.

కీ ఉమ్మడిది, నింద మాత్రం ఒక్కడిది. ఆ ఒక్కడు ఎప్పుడూ మేనేజర్ కాడు, ఆర్కిటెక్ట్ కాడు. తిరిగి మాట్లాడలేనివాడే అవుతాడు.

అదే చోట సర్టిఫికెట్‌తో నడిచే ప్రాక్సీ ఉంటే ఏం జరిగేది? 2010 మార్చిలో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 5.4లోనే సర్టిఫికెట్లు ఉన్నాయి, ఇదేమీ నిన్నటి సంగతి కాదు. సర్టిఫికెట్‌తో ఎవరైనా లాగిన్ అయితే సర్వర్ లాగ్‌లోనే ఆ సర్టిఫికెట్ మీదున్న గుర్తింపు, క్రమసంఖ్య, దానికి సంతకం పెట్టిన అథారిటీ ఏదో పడతాయి. యూజర్ ఉబుంటు అయినా సరే, లోపలికి వచ్చింది ఫలానా మనిషి అని రాసి ఉంటుంది. ప్రాక్సీలో ఆ మనిషి సెషన్ రికార్డు ఉంటుంది. ఆ కుర్రాడు లాగ్‌లు తీసేశాడో, టేబుల్ ఖాళీ చేశాడో పావుగంటలో తేలిపోయేది. చేసి ఉంటే అతనే ఒప్పుకునేవాడు. చెయ్యకపోతే తలెత్తుకుని ఇంటికి వెళ్లేవాడు.

అందుకే "ప్రాక్సీ పెట్టి రికార్డు చెయ్యడమంటే ఉద్యోగుల మీద నమ్మకం లేదని చాటడమే" అన్న వాదన వింటే నాకు బాధ కలుగుతుంది. ఈ మాట అనేవాళ్లు తరచుగా పై స్థానాల్లో ఉన్నవాళ్లు, వాళ్ల మాటకి విలువ ఉంది, వాళ్ల మీదికి నింద రాదు. రికార్డు అవసరమయ్యేది కింద ఉన్నవాడికి. బ్యాంకులో క్యాషియర్ తన లావాదేవీకి తన ఐడీ పడాలనే కోరుకుంటాడు, సాయంత్రం లెక్క తేడా వస్తే అతన్ని కాపాడేది ఆ ఐడీయే. అయితే ఇక్కడ ఒక గీత స్పష్టంగా గీయాలి. రికార్డు చెయ్యాల్సింది సర్వర్ మీద జరిగిన సెషన్‌ని మాత్రమే. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల ల్యాప్‌టాప్ కెమెరా తెరిపించడం, నిమిషానికోసారి స్క్రీన్ ఫొటో తీయడం, మౌస్ కదలికలు లెక్కపెట్టడం లాంటివి నేను సమర్థించడం లేదు, వాటికి సర్వర్ భద్రతతో సంబంధం లేదు. సెషన్ రికార్డుల్లోనూ కస్టమర్ల డేటా తెర మీద కనబడుతుంది, కాబట్టి ఆ రికార్డులు ఎవరు చూస్తున్నారన్నదానికీ రికార్డు ఉండాలి. చూసే అధికారం ఇద్దరి అనుమతితోనే రావాలి. ఉద్యోగి తన సెషన్ తాను చూసుకునే హక్కు అందరికన్నా ముందు ఉండాలి. ఈ షరతులతో పెట్టిన ప్రాక్సీని ఏ ఉద్యోగీ వద్దనడు.

ఇక వీపీఎన్ సంగతి. ఆఫీసు నెట్‌వర్క్ లోపలికి వచ్చినవాడు మనవాడు అన్నదే వీపీఎన్ వెనకున్న ఊహ. 2021 మేలో అమెరికా తూర్పు తీరానికి ఇంధనం మోసే కలోనియల్ పైప్‌లైన్ సైబర్ దాడి వల్ల ఆగిపోయింది. దొంగలు వచ్చిన దారి ఒక పాత వీపీఎన్ ఖాతా, వాడకంలో లేనిది, రెండో అంచె తనిఖీ లేనిది. కంపెనీ వాళ్లకు 44 లక్షల డాలర్లు చెల్లించింది. ఇది రెండో అంచె లేకపోవడం వల్ల జరిగింది, వీపీఎన్ తప్పు కాదు అంటారు. సరే, రెండో అంచె ఉన్న ఉదాహరణ చూద్దాం. 2022 సెప్టెంబరులో ఉబర్‌లోకి చొరబడినవాడు ఒక కాంట్రాక్టర్ ఫోన్‌కి అనుమతి అడుగుతూ మళ్లీ మళ్లీ నోటిఫికేషన్లు పంపాడు. విసిగిపోయిన ఆ మనిషి చివరికి ఒకసారి సరేనని నొక్కాడు. అంతే, దొంగ లోపల ఉన్నాడు. అక్కడి నుంచి మరికొన్ని ఖాతాలు, ఎక్కువ అధికారాలు అతని చేతికొచ్చాయి. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ పాలయ్యాయి. ఓపీడీ చీటీల నుంచి రిపోర్టుల దాకా రోజుల తరబడి కాగితం మీద నడిపారు. నెట్‌వర్క్‌ని సరైన విభాగాలుగా వేరు చెయ్యకపోవడమే కారణమని కేంద్రం రాజ్యసభలో చెప్పింది. లోపలికి వచ్చినవాడు ఎంత దూరం పోగలడన్నదే అసలు ప్రశ్న, వీపీఎన్ ఆ ప్రశ్న అడగదు.

పైగా వీపీఎన్ పెట్టెలే దొంగలకు దారిగా మారుతున్నాయి. 2024 జనవరిలో ఇవాంటీ వీపీఎన్ పరికరాల్లో లోపాలను వాడుకుని చొరబాట్లు జరుగుతుంటే, అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా నెలాఖరున తన ప్రభుత్వ శాఖలకు ఒక ఆదేశం ఇచ్చింది: ఫిబ్రవరి 2లోగా ఆ పెట్టెలను నెట్‌వర్క్ నుంచి తీసి పక్కన పెట్టండి. ప్యాచ్ చేసుకోమని సరిపెట్టలేదు, తీసెయ్యమంది. "వీపీఎన్ ఉంది, చాలు" అనే వాళ్లు ఈ ఒక్క ఆదేశాన్ని ఆలోచించాలి. గూగుల్ అయితే 2009లో తన మీద జరిగిన దాడి తర్వాత ఈ ఊహనే వదిలేసింది. ఏ నెట్‌వర్క్ నుంచి వచ్చావన్నది పక్కన పెట్టి, ఎవరివి, ఏ యంత్రం నుంచి వచ్చావు అని ప్రతిసారీ తనిఖీ చేసే యాక్సెస్ ప్రాక్సీ కట్టుకుంది. ఆ అనుభవాన్ని 2014 చివర్లో బియాండ్‌కార్ప్ పేరుతో లోకానికి చెప్పింది.

"వీపీఎన్ పోనివ్వండి, జంప్ సర్వర్ ఉందిగా, అది ప్రాక్సీయేగా?" దీనికి ఓపిగ్గా జవాబు చెప్పాలి, గందరగోళమంతా ఇక్కడే ఉంది. మామూలు జంప్ సర్వర్ అంటే మధ్యలో ఒక లినక్స్ యంత్రం. దాంట్లోకి వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ఎస్‌ఎస్‌హెచ్ కొట్టాలి. రెండో అడుగుకి కీ కావాలి. ఆ కీని జంప్ సర్వర్ మీదే దాస్తే, ఆ యంత్రం ఎవరి చేతికి చిక్కితే అన్ని సర్వర్లూ వాళ్లవే. అలా దాచకూడదని తెలిసినవాళ్లు ఏజెంట్ ఫార్వర్డింగ్ వాడతారు. కీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, సంతకం మాత్రం జంప్ సర్వర్ ద్వారా అడుగుతారు. వినడానికి బాగుంది. కానీ మీరు కనెక్ట్ అయి ఉన్నంతసేపూ జంప్ సర్వర్ మీద రూట్ అధికారం ఉన్నవాడు మీ ఏజెంట్‌తో తన సంతకాలు పెట్టించుకోవచ్చు. 2019 ఏప్రిల్‌లో మ్యాట్రిక్స్ డాట్ ఆర్గ్ సంస్థకి జరిగింది ఇలాంటిదే. పాతబడిన జెంకిన్స్ సర్వర్ ద్వారా వచ్చినవాడు, ఇంజినీర్లు ఫార్వర్డ్ చేసిన ఏజెంట్‌ని వాడుకుని ప్రొడక్షన్‌లోకి వెళ్లాడు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ మాన్యువల్ కూడా ఏజెంట్ ఫార్వర్డింగ్‌ని జాగ్రత్తగా వాడమనే చెబుతుంది. మాన్యువల్ తెరిచేది ఎవరు?

2016లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.3లో ప్రాక్సీజంప్ అనే సదుపాయం చేర్చారు. దాంతో మీ ల్యాప్‌టాప్ నుంచి చివరి సర్వర్ దాకా ఒకే గుప్త మార్గం పడుతుంది, మధ్య యంత్రం దాన్ని మోస్తుందే గానీ చూడలేదు. ఏజెంట్ ఫార్వర్డింగ్ కన్నా ఎన్నో రెట్లు మేలు. చిన్న జట్లు కనీసం దీనికైనా మారాలి. అయితే చూడలేని యంత్రం రికార్డు కూడా చెయ్యలేదు. ఎవరు కనెక్ట్ అయ్యారో చెబుతుంది, లోపల ఏం చేశారో చెప్పదు. సెషన్‌ని మధ్యలో తెరిచి, చూసి, రికార్డు చేసి, మళ్లీ గుప్తంగా పంపే ప్రాక్సీ వేరు. దానికి అన్నీ కనబడతాయి కాబట్టి దాన్ని మిగతా అన్నిటికన్నా జాగ్రత్తగా కాపాడాలి. ఈ రెండింటిలో ఏది కావాలో జట్టు కూర్చుని తేల్చుకోవచ్చు. నా మట్టుకు, కస్టమర్ల డేటా ఉన్న సర్వర్లకు రెండోదే పెట్టాలంటాను.

ఎదుటివాళ్ల వాదనల్లో నిజంగా బరువున్నది ఒకటుంది: అన్నీ ఒకే ప్రాక్సీ వెనక పెడితే, దాన్ని పగలగొట్టినవాడికి అన్నీ దొరుకుతాయి కదా? దొరుకుతాయి. 2024 డిసెంబరులో అమెరికా ట్రెజరీ శాఖలోకి చొరబడ్డవాళ్లు వచ్చింది బియాండ్‌ట్రస్ట్ అనే రిమోట్ సపోర్ట్ సంస్థ ద్వారానే. 2025 జూన్‌లో టెలిపోర్ట్‌లోనే లాగిన్ తనిఖీని దాటేయగల తీవ్రమైన లోపం బయటపడింది. ఇవి దాచాల్సిన విషయాలు కావు. కానీ దీన్నుంచి "కాబట్టి ప్రాక్సీ వద్దు" అని తేల్చడం సరైన లెక్క కాదు. 2024 జులై 1న భద్రతా సంస్థ క్వాలిస్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లోనే ఒక లోపం బయటపెట్టింది. పాస్‌వర్డూ కీ ఏదీ లేకుండా రూట్ అధికారం దాకా తీసుకెళ్లగల లోపం. 2006లో సరిచేసినదే తర్వాతి మార్పుల్లో తిరిగొచ్చింది. ఇంటర్నెట్‌కి ఎదురుగా నిలబడి, ఆ ప్రమాదం పొంచి ఉన్న ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్లు కోటీ 40 లక్షలకు పైనే ఉండొచ్చని వాళ్ల అంచనా. నాలుగు వందల సర్వర్లను నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టినవాడు ఆ రోజు నాలుగు వందలూ ఆ రాత్రికే ప్యాచ్ చెయ్యాలి. ప్రాక్సీ వెనక పెట్టినవాడు ముందు ప్రాక్సీని ప్యాచ్ చేసి, మిగతావి వరసగా చేసుకోవచ్చు. ఇంకొక మాట. ట్రెజరీ దాడిలో దొంగలు ఆ సంస్థ దగ్గర దొంగిలించింది ఒక కీ. అంటే అది కూడా కీ కథే, కీ చేతికొస్తే చాలు, నమ్మేసే వ్యవస్థ కథే.

మరి ప్రాక్సీ పడిపోతే? అందరం బయట నిలబడిపోమా? 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌కి అలాంటిదే జరిగింది. నెట్‌వర్క్ మార్పు ఒకటి వికటించి సేవలన్నీ ఆగిపోయాయి, బయట నుంచి సరిచేసే దారులు కూడా వాటితోపాటే మూసుకుపోయాయి. ఇంజినీర్లను డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చింది, తేరుకోవడానికి ఆరు గంటల దాకా పట్టింది. దీని పాఠం అత్యవసర దారి వేరుగా ఉండాలన్నది. రెండు వేర్వేరు చోట్ల రెండు ప్రాక్సీలు. అవీ పోతే, సీలు వేసి దాచిన ఒక అత్యవసర కీ, ఇద్దరు కలిస్తేనే తెరిచేది, తెరిచిన క్షణంలో అందరి ఫోన్లూ మోగేది, వాడిన మర్నాడే మార్చేసేది. సర్టిఫికెట్లకు సంతకం పెట్టే మూల కీని మామూలు డిస్కు మీద కాక హార్డ్‌వేర్ మాడ్యూల్‌లో ఉంచాలి. ఏడాదికి రెండు మూడుసార్లయినా ప్రాక్సీని కావాలని ఆపి, అత్యవసర దారి పనిచేస్తోందో లేదో సాధన చెయ్యాలి. పని పెరుగుతుందా అంటే పెరుగుతుంది. అది వేరొకరి డేటా మన చేతిలో ఉన్నందుకు చెయ్యాల్సిన పని.

వేగం తగ్గుతుందన్న ఫిర్యాదుకి ఎక్కువ చోటు ఇవ్వను. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరానికి వెళ్లి రావడానికే రెండు వందల మిల్లీసెకన్లకు పైన పడుతుంది. ప్రాక్సీని సర్వర్ల పక్కనే పెడితే దాని వంతు అందులో కనబడదు. ఖర్చు సంగతి పైనే చెప్పాను, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్టిఫికెట్లకు లైసెన్సు రుసుము లేదు.

ప్రాక్సీ పెట్టేశామని నిశ్చింతగా కూర్చున్నవాళ్లకూ ఒక మాట చెప్పక తప్పదు. ప్రాక్సీ కొని, పక్కన 22వ పోర్టు పాత ఐపీలన్నిటికీ తెరిచే ఉంచిన చోట్లు చాలా ఉన్నాయి. వీధి తలుపుకి కాపలా పెట్టి పెరటి తలుపు తీసి ఉంచితే ఏ లాభం? మనుషులను ప్రాక్సీ దారిలోకి మళ్లించి, డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టులకూ బ్యాకప్ జాబులకూ మాత్రం పాత శాశ్వత కీలే ఉంచడం ఇంకో పొరపాటు. ఆ కీలకు తరచుగా మనుషుల కన్నా ఎక్కువ అధికారాలుంటాయి, పైగా వాటిని గమనించేవాళ్లు ఉండరు. సెషన్ రికార్డు కూడా సర్వరోగ నివారిణి కాదు. ఒక స్క్రిప్టులో దాచి నడిపిన పని తెర మీద ఒక్క లైనుగానే కనబడుతుంది, కాబట్టి సర్వర్ లోపల ఏ ప్రాసెస్ నడిచిందో నమోదు చేసే ఆడిట్ కూడా పక్కనే ఉండాలి. ఇవి చెయ్యకుండా ప్రాక్సీ విఫలమైందని చెప్పేవాళ్లు ప్రాక్సీని సగం కట్టి వదిలేసినవాళ్లే.

చట్టం ఏం చెబుతోందో కూడా చూడాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ ఘటన గమనించిన 6 గంటల్లో తెలియజెయ్యాలి, వ్యవస్థలన్నిటి లాగ్‌లూ 180 రోజుల పాటు భద్రపరచాలి. యూజర్ ఉబుంటు, చిరునామా జంప్ సర్వర్ అని మాత్రమే ఉన్న లాగ్‌ని 180 రోజులు దాచడం వల్ల ఎవరికి ఉపయోగం? కాగితం మీద నియమం పాటించినట్టవుతుంది, ఆరు గంటల్లో చెప్పడానికి మాత్రం చేతిలో ఒక్క పేరు కూడా ఉండదు.

ప్రొడక్షన్ సర్వర్ల బాధ్యత చూస్తున్న టీమ్ లీడ్‌లకు, మేనేజర్లకు నా విన్నపం. ఈ వారంలోనే ఏదైనా ఒక సర్వర్ మీద ఆథరైజ్డ్ కీస్ ఫైలు తెరవండి. ఒక్కో లైనుకి ఎదురుగా ఒక్కో మనిషి పేరో, ఒక్కో జాబు పేరో రాయండి. పేరు రాయలేని లైనుంటే, అది లేకపోతే ఏ జాబైనా ఆగుతుందేమో చూసుకుని, తీసెయ్యండి. షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్న పెమ్ ఫైలుని మార్చి, పాత కీని సర్వర్ల నుంచి తొలగించండి. ఆ పని అయ్యాక సర్టిఫికెట్లు, ఆ తర్వాత ప్రాక్సీ. ఇదంతా పూర్తయ్యే లోపు సర్వర్ మీద ఏ నష్టం జరిగినా, ఆ రాత్రి రోస్టర్‌లో పేరుందన్న ఒక్క కారణంతో ఎవరి బ్యాడ్జీ తీసుకోకండి.